కాళ్ల దగ్గరి తలకట్టు

ఇలా రండి, గుమ్మంలో నిలబడి వినే కథ కాదిది. లోపలికొచ్చి, చేతిలో పనుంటే ఆ పనితో సహా, దగ్గరగా కూర్చోండి. మీలో ఎవరైనా పిల్లలకి అక్షరాలు నేర్పలేక జుట్టు పీక్కుంటున్నవాళ్లుంటే ఇంకాస్త ముందుకు జరగండి. ఇది మీకోసమే.

ఒక కుట్టుపనామె ఉండేది. వీధి వీధంతా ఆమెను మిషనమ్మ అనే పిలిచేది. అసలు పేరు రేషను కార్డులో ఉందేమో, నోళ్లలో మాత్రం లేదు. మొగుడు బస్సు డ్రైవరు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక అత్తగారు. రెండే గదులు. ముందుగదిలో కిటికీ పక్కన, అటూ ఇటూ మనిషి పట్టేలా కుట్టుమిషను, దాని పక్కన మంచం, మంచం మీద ఎప్పుడూ కుట్టాల్సినవో కుట్టేసినవో గుట్టగా బట్టలు. ఎవరైనా చుట్టం వస్తే ముందు ఆ గుట్టకి చోటు చూసి, తర్వాత చుట్టానికి చూసేవాళ్లు.

పెద్దపిల్లని గుండీ అని పిలిచేవాళ్లు. రెండేళ్ల వయసులో కోటు గుండీ ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ రెండు రోజులు నానా హైరానా పెట్టింది. మూడోరోజు గుండీ బయటికొచ్చేసింది గానీ, పేరు మాత్రం లోపలే ఉండిపోయింది. చిన్నదాన్ని చిన్నది అనే అనేవాళ్లు. దానికి మింగడానికేం దొరకలేదు మరి.

ఐదేళ్లప్పుడు గుండీ ఇంకో పని చేసింది. అమ్మ కుడుతుంటే కుడిపక్కగా చేరి, గిర్రున తిరిగే చక్రం మీద బెల్టు ఎటు పోతోందో చూద్దామని వేలు పెట్టింది. గోరు లేచిపోయింది. ఆరోజు మిషనమ్మ ఏడ్చిన ఏడుపు పిల్ల కూడా ఏడవలేదు. కట్టు కట్టాక, బట్ట మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్క తీసి మిషను ఇవతల నేల మీద గోడ నుంచి మంచం దాకా గీత గీసింది.

"ఇదిగో, ఈ గీత దాటి నావైపు వచ్చావంటే కాళ్లు విరగ్గొడతాను. ఏం చెప్పాలన్నా అవతల నిలబడి చెప్పు."

గీత చెరిగినప్పుడల్లా మళ్లీ గీసేది. గుండీ ఒక్కరోజు కూడా దాటలేదు. మిషనుకి అవతల పక్క, అమ్మకి ఎదురుగా నిలబడి, మిషను బల్ల అంచు మీద గడ్డం ఆనించి, సూది ఎక్కడం దిగడం చూస్తూ ఉండేది. అదే దాని చోటు.

బళ్లో వేశారు. వేసిన రెండు నెలలకే వదలని జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్లీ రావడం, ఒకటో తరగతి సగానికి సగం ఇంట్లోనే గడిచిపోయింది. అక్షరాలన్నీ బళ్లో మిగతా పిల్లలు నేర్చుకుంటున్న రోజుల్లో ఇది దుప్పటి కప్పుకుని మిషను ముందు నిలబడి ఉంది. అందుకని మిషనమ్మే నేర్పడానికి పూనుకుంది. ఆమె చదివింది ఐదో తరగతి. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ చదివేది. ఆసుపత్రిలో కాగితం చేతికిస్తే "ఎక్కడ పెట్టమంటారు సంతకం?" అని అడగడమే గానీ, దాంట్లో ఏముందో చదివేలోపు వెనకవాళ్లు తోసేసేవాళ్లు. ఆ బతుకు పిల్లకి రాకూడదన్నది ఒక్కటే ఆమె పంతం.

పుస్తకం తెరిచి పెడితే బట్టల కింద జారిపోతోంది. మిషను బల్ల నల్లటి చెక్క. చేతిలో సుద్ద ఎలాగూ ఉంది. అక్షరాలు బల్ల మీదే రాసేది. ఒక కుట్టు పూర్తిచేసి కాలు ఆపి, "ఇదేంటి చెప్పు?" అనేది. గుండీ గడ్డం ఆనించినచోటు నుంచే చెప్పేది. తప్పయితే ఇంకో కుట్టు దాకా ఆలోచించేది. అలా జ్వరం తగ్గేలోపు అక్షరాలొచ్చాయి, తర్వాత గుణింతాలొచ్చాయి. మిషనమ్మ మురిసిపోయింది. "చూశారా అత్తయ్యా, బడికి పోకుండానే నేర్చేసుకుంది," అని ఒకటికి పదిసార్లు అంది.

రెండో తరగతికి వచ్చాక మొదలైంది అసలు గోల.

టీచరమ్మ కబురు పెడితే, చేతిలో పని పడేసి వెళ్లింది మిషనమ్మ. టీచరమ్మ చెడ్డ మనిషి కాదు, అలసిపోయిన మనిషి.

"మీ అమ్మాయి నోటిలెక్కలు టకటకా చెబుతుందమ్మా. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తుంది. పుస్తకం ముందు పెడితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది. మరీ బలవంతపెడితే లైను చివర్నుంచి మొదలుపెడుతుంది. తల పక్కకి వాలుస్తుంది. వాల్చి వాల్చి చెవి బల్లకి తగిలేదాకా వాలుస్తుంది. నిద్రొస్తోందా అంటే లేదంటుంది. నాతో ఆటలాడుతోందా?"

"ఇంట్లో చదువుతుందండీ. నా ముందు చక్కగా చదువుతుంది."

"అందరు తల్లులూ అదే అంటారు," అంది టీచరమ్మ. "వచ్చే శుక్రవారం పెద్ద టీచరమ్మ ముందు ఒక పేజీ చదివిస్తాం. చదివితే సరే. లేకపోతే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి. పైనుంచి మాకు చెప్పిన పద్ధతి అది. అన్నట్టు, ఇంట్లో అడిగేటప్పుడు ఊరికే అక్షరం పేరు కాకుండా విడగొట్టి అడగండి. తలకట్టు ఎక్కడుంది, గుడి ఎక్కడుంది, ఒత్తు ఎక్కడుంది అని."

ఒకటో తరగతిలో ఎవరున్నారు? చిన్నది ఉంది. అక్కా చెల్లెళ్లిద్దరూ ఒకే బెంచీ మీద. ఇంటికొచ్చి ఆ మాట అత్తగారితో చెబుతుంటే, చిన్నది విని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, అక్కా! నా పక్కన చోటుంది. నీకు ఉంచుతాలే!" అంది సంబరంగా. దాని మనసులో ఏమీ లేదు. గుండీ మాత్రం ఆ రాత్రి భోజనం సగంలో లేచిపోయింది.

ఆ పూట నుంచి ఇల్లు ఇల్లులా లేదు. మిషను తిరిగినంతసేపూ చదువే. "మళ్లీ చెప్పు", "ఇంకోసారి", "ఇందాక చెప్పావుగదే". సాయంత్రం అయ్యేసరికి నాలుగు లైన్లు గుండీ తడబడుతూనే అయినా చదివేసేది. మిషనమ్మకి ప్రాణం లేచొచ్చేది. పొద్దున్నే అవే లైన్లు పుస్తకంలో చూపించి మరీ బడికి పంపేది. సాయంత్రం టీచరమ్మ పలకమీద రాసి పంపేది: చదవలేదు. మర్నాడు అంతే. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో వచ్చిన చదువు వీధి మలుపు తిరిగేసరికి ఎక్కడ జారిపోతోందో అర్థం కాలేదు.

"దీనికి కళ్లు కనబడవేమో," అంది అత్తగారు.

కళ్లద్దాల షాపుకి తీసుకెళ్లింది. అతను గోడ మీద మూడు ముళ్ల గుర్తులు చూపించి, ఈ ముళ్లు ఎటు తిరిగాయి, పైకా, కిందకా, కుడికా అని అడిగాడు. అన్నిటికన్నా కింద ఉన్న ఆవగింజంత గుర్తుల దాకా గుండీ తడుముకోకుండా చెప్పేసింది. "అమ్మా, ఈ కళ్లకి అద్దాలు అమ్మితే నాకు పాపం చుట్టుకుంటుంది. గద్ద కళ్లు ఇవి," అన్నాడు.

కళ్లలో లోపం లేదంటే ఏ తల్లికైనా సంతోషం కలగాలి. మిషనమ్మకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కనబడుతోంది, తెలివుంది, ఇంట్లో వస్తోంది. అంటే బళ్లో కావాలనే చదవడం లేదన్నమాట. దారి పొడుగునా సాధిస్తూనే ఉంది. "నన్ను నలుగుర్లో నవ్వులపాలు చెయ్యాలనే కదే నీ ఎత్తు? చిలక్కి చెప్పినట్టు చెబుతున్నానే. చిలకైనా ఈపాటికి పలికేది!" గుండీ తలొంచుకుని రోడ్డు మీద రాళ్లని చెప్పుతో తంతూ నడిచింది.

సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన మొగుడు సంగతంతా విని, చొక్కా విప్పుతూ నవ్వాడు. "మన గుండీ చదువు నా బస్సు రివర్సులో పోయినట్టుందే. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, ఊరు మాత్రం వెనక్కి పోతోంది."

"మీకు హాస్యంగా ఉందా? రోజంతా దీంతో వేగేది నేను. మీరు రోజుకు రెండువందల మందిని ఎక్కించుకుని దించుతారు. నేనొక్కదాన్ని ఒక్క లైను దాటించలేక చస్తున్నాను!"

ఆయన చొక్కా మేకుకి తగిలించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఇక ఆదివారం. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మిషను బల్ల మీద పడుతోంది. మిషనమ్మ సుద్దతో పెద్దగా, స్పష్టంగా పడవ అని రాసింది. టీచరమ్మ చెప్పినట్టు విడగొట్టి అడుగుదామనుకుంది.

"ఇదేంటి?"

"పడవ."

"సరే. ప నెత్తిన ఏముంది?"

గుండీ చూసింది. "ఏం లేదు."

"కళ్లు పెట్టి చూడు. తలకట్టు లేదూ?"

"ఉంది."

"ఎక్కడుంది?"

"కాళ్ల దగ్గర."

మిషనమ్మ కాలు ఆగింది. "ఏంటీ?"

"తలకట్టు కాళ్ల దగ్గరుంది," అంది గుండీ మళ్లీ, ఉన్నదున్నట్టుగా.

మంచం మీద బట్టల గుట్ట వెనక నుంచి చిన్నది కిసుక్కున నవ్వింది. "తలకట్టు కాళ్లకంట! మరి చెప్పులు నెత్తినా?"

ఆ నవ్వే కొంప ముంచింది. వారం రోజులుగా గొంతు దాకా నిండి ఉన్నదంతా మిషనమ్మ చేతిలోకి వచ్చేసింది. బల్ల మీదుగా వంగి పిల్ల చెంప చెళ్లుమనిపించింది. "ఎగతాళా? నాతోనే ఎగతాళా?"

గుండీ ఏడవలేదు. చెంప మీద చేయి పెట్టుకుని బల్ల మీది అక్షరాన్నే చూస్తూ నిలబడింది. కాసేపటికి, ఎవరితోనో కానట్టు, "నిజంగానే కాళ్ల దగ్గరుంది," అని గొణిగింది.

"అమ్మాయ్, చాల్లే. ఇంక ఆపు," అంది అత్తగారు. ఆ అనడంలో కోపం లేదు గానీ, మిషనమ్మకి అది దెబ్బకన్నా గట్టిగా తగిలింది. తన పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె అలా అనడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే మిషనమ్మ పంతంగా పనిలో పడింది. పనివాళ్ల హాస్టలు వంటింటికి నలభై ఏప్రన్లు మంగళవారానికి ఇవ్వాలి. గుండెల దగ్గర ఒక్కోదానికీ అక్షరాలు అచ్చేసిన గుడ్డపట్టీ కుట్టాలి. వండేవాళ్లవాటికి వంట అని, అందించేవాళ్లవాటికి వడ్డన అని. పట్టీలు తీసుకోవడం, కుట్టడం, విసిరెయ్యడం. కళ్లు పట్టీ మీద ఉన్నాయి, చూపు మాత్రం పిల్ల చెంప మీదే ఉంది.

సోమవారం మధ్యాహ్నం, ఆఖరి ఏప్రను అంచు కుడుతుండగా మిషను బెల్టు ఠప్పున తెగింది. బాగుచేసే అతను మర్నాడు గానీ రానన్నాడు. మిషనమ్మ ఆ ఒక్కదాని అంచూ చేత్తోనే కుట్టి గుట్ట మీద పడేసింది. ఎన్నాళ్ల తర్వాతో చేతులు ఖాళీ అయ్యాయి.

గుండీ బడి నుంచి రాగానే పుస్తకం తీసుకుని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇవాళ అరవకూడదని ఒట్టు పెట్టుకుంది. చెంప మీద చేయి వేసి నిమిరింది కూడా. ఆదివారం పొద్దున బల్ల మీద రాసి చదివించిన లైనే వేలు పెట్టి చూపించింది.

"చదువు తల్లీ."

గుండీ నీళ్లు నమిలింది.

"మొదటి అక్షరం?"

గుండీ చూపు లైను చివరికి పోయింది.

"ఇదేంటి? ఇది! దీని పేరు చెప్పు!"

గుండీ తల మెల్లగా పక్కకి వాల్చడం మొదలుపెట్టింది. చెవి అమ్మ మోకాలికి తగిలేదాకా వాల్చింది.

"తల ఎత్తు!" ఒట్టు గాల్లో కలిసిపోయింది. "నిన్న చదివావు కదే ఈ లైను! నా కళ్లతో చూశాను, నా చెవులతో విన్నాను! రాత్రికి రాత్రి ఏ దొంగ ఎత్తుకుపోయాడే నీ చదువుని?" పుస్తకాన్ని విసిరేసింది. అది గుమ్మం దాటి వీధిలో పడింది. చిన్నది వెళ్లి తెచ్చి, దుమ్ము దులిపి, ఎవరికివ్వాలో తెలియక అక్కడే పట్టుకుని నిలబడింది.

మిషనమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "నావల్ల కాదత్తయ్యా. నావల్ల కాదు. ఒకటో తరగతిలోనే కూర్చోనివ్వండి. లేకపోతే అదీ నాలాగే మిషను దగ్గరే కూర్చుంటుంది."

అత్తగారికి చదువు రాదు. ఇలాంటప్పుడు ఏమనాలో కూడా ఆమెకు తెలియదు. ఏదో ఒక పని చెబితే గదిలో వేడి తగ్గుతుందని మాత్రం తెలుసు. "ఇటు రావే గుండీ, ఈ ఏప్రన్లు రెండు గుట్టలుగా పెడదాం," అని పిలిచింది. ఒక్కోటి భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూపిస్తూ, "ఇది వంటదా, వడ్డనదా?" అని అడగసాగింది.

"దాన్నేం అడుగుతారు? దానికేమొచ్చని?" అంది మిషనమ్మ తలెత్తకుండానే.

"ఇది?" ముసలమ్మ ఆగలేదు.

"తెలీదు నానమ్మా."

"పోనీ, ఇది?"

"తెలీదు."

"మరి ఇది?"

గుండీ చేయి దానంతటదే చెంప మీదికి పోయింది. తప్పయితే దెబ్బ పడుతుందని కాబోలు. ఆ తర్వాత అంది: "వడ్డన."

మిషనమ్మ తలెత్తింది. ఏప్రను లాక్కుని చూసింది. చూడగానే మళ్లీ మండిపోయింది, ఈసారి తన మీదే. పట్టీ తలకిందులుగా కుట్టేసింది! "అయ్యో నా రాత! ఇది మళ్లీ విప్పాలి. ఇన్నింట్లో నేను తప్పు కుట్టిన ఒక్కదాన్నే చదివావేం నువ్వు?"

అని ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాటే మళ్లీ చెవిలో పడింది.

గుట్టలోంచి సరిగా కుట్టిన వడ్డన ఒకటి తీసింది. "ఇదేంటి?"

"తెలీదు."

దాన్నే తిప్పి పట్టుకుంది, బొందులు పైకి, మెడపట్టీ కిందికి. "ఇప్పుడు?"

"వడ్డన."

వంటది తీసింది. సరిగా పట్టుకుంటే తెలీదు. తిప్పితే వంట. నాలుగు తీసింది, ఐదు తీసింది.

"డ కి ఒత్తు ఎక్కడుందే?"

"పైన. నెత్తి మీద."

మిషనమ్మ లేచింది. మిషను దగ్గరికి వెళ్లింది. ఎప్పుడూ కూర్చునే వైపు కాదు, చుట్టూ తిరిగి సుద్దగీతకి అవతల, పిల్ల నిలబడే వైపు వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచు మీద గడ్డం ఆనించింది. ఆదివారం రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు. చూసింది.

పడవ తలకిందులుగా ఉంది. మొదటి అక్షరం కుడిచేతి వైపున్న చివర ఉంది. తలకట్టు కాళ్ల దగ్గరుంది.

ఎంతసేపు అలా ఉండిపోయిందో. చిన్నది వచ్చి "అమ్మా, నువ్వు కూడా గీత దాటకూడదా?" అని అడిగేదాకా కదల్లేదు.

రెండేళ్లు. రెండేళ్లుగా తను రాసింది తనవైపు తిప్పుకుని రాసింది. అలా అయితేనే తనకు రాయడం వచ్చు, చదవడం వచ్చు. అవతల నిలబడ్డ పిల్లకి ఎలా కనబడుతుందన్నది ఒక్కనాడూ తట్టలేదు. పిల్ల నేర్చుకుంది. ఎవరికీ రానట్టుగా, తలకిందులుగా, వెనకనుంచి ముందుకి, ఒక్క అక్షరం వదలకుండా నేర్చుకుంది. బళ్లో లైను చివర్నుంచి మొదలుపెట్టింది అందుకే. తల వాల్చింది అందుకే, లోకాన్ని తనకొచ్చిన దారికి తిప్పుకుందామని.

సంతోషపడుతుందనుకుంటారేమో. ఆ సాయంత్రం ఆమె తలకిందుల పట్టీని విప్పుతూ ఒక మూల కూర్చుంది. మొగుడొచ్చి సంగతి విని, "రివర్సు అన్నానా, లేదా?" అన్నాడు. దారపుండ వచ్చి ఆయన భుజానికి తగిలింది. "విషయం ముందే తెలిసినట్టు మాట్లాడకండి!" అంది, ఏడుస్తూనో నవ్వుతూనో ఆయనకి అర్థం కాలేదు.

కనుక్కోగానే అంతా చక్కబడిపోయిందంటే నేను అబద్ధం చెప్పినట్టు. మంగళ, బుధ, గురువారాలు ఇంకా ఘోరంగా గడిచాయి. పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నిటారుగా చూపిస్తే, గుండీకి కొత్త లిపి చూపించినట్టుంది. ఒకటి పట్టుకునేలోపు రెండు మర్చిపోయేది. బుధవారానికి పాతవి కూడా గందరగోళమైపోయి, తిప్పి చూపించినా తడబడింది. ఉన్నదీ ఊడుతోందని మిషనమ్మ భయపడింది. గురువారం మధ్యాహ్నం పుస్తకం మూసేసింది. రెండేళ్లు కుట్టిన కుట్టుని మూడు రోజుల్లో విప్పలేమని బట్టలు కుట్టేదానికి ఒకరు చెప్పాలా?

శుక్రవారం పిల్లతోపాటు తనూ బడికెళ్లింది. పెద్ద టీచరమ్మ గది బయట నిలబెట్టారు. తలుపు సందులోంచి చూస్తోంది. పెద్ద టీచరమ్మ కుర్చీలో ఉంది. గుండీని పక్కన నిలబెట్టుకుని పుస్తకం తెరిచింది. గుండీ పెదాలు బిగించింది. తల మెల్లగా వాలడం మొదలుపెట్టింది. పక్కనే నిలబడ్డ తరగతి టీచరమ్మ నిట్టూర్చింది.

మిషనమ్మ తలుపు తోసుకుని లోపలికెళ్లిపోయింది.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఒక్క మాట. పుస్తకం మీవైపే ఉంచుకోండి. దాన్ని బల్లకి అవతల నిలబెట్టి అడగండి."

"అవతల్నుంచి అక్షరాలు తలకిందులుగా కదమ్మా కనబడేది?"

"అవునండీ. దానికి అలాగే వచ్చు. నేనే అలా నేర్పాను." వాలిన పిల్ల తలని చేత్తో నిలబెట్టింది. "తెలియక. మిషనుకి ఇటు నేను, అటు అది. తప్పు నాది, దానిది కాదు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలంటే నన్ను కూర్చోబెట్టండి."

టీచరమ్మ నవ్వబోయి, ఆ మొహం చూసి మానేసింది. పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని వేలితో బల్ల అవతలి పక్క చూపించింది. గుండీ వెళ్లి నిలబడింది. అలవాటుగా బల్ల అంచు మీద గడ్డం ఆనించింది. అమ్మవైపు ఒకసారి చూసింది. చెంప మీద చేయి పెట్టుకుంది.

చదివింది.

గడగడా ఏం కాదు. "వాన... వచ్చింది. పిల్లలు... గొ... గొడుగు... వేసుకున్నారు." ఒక మాట దగ్గర ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ వచ్చింది. ఒకటి తప్పు చదివి తనే దిద్దుకుంది. పేజీ చివరిదాకా చదివింది. అంతా అయ్యాక పెద్ద టీచరమ్మ పుస్తకాన్ని తిప్పి, తలకిందులుగా ఉన్న రెండో లైను తనే చదవబోయింది. "పి... ఊఁ... ఇది..." అని ఆగిపోయింది. కళ్లద్దాలు తీసేసింది.

"నాకే రావడం లేదే," అంది.

మిషనమ్మ వంక చూసింది. "చదువు రాని పిల్ల కాదమ్మా ఇది. రెండో తరగతిలోనే ఉండనిద్దాం. కానీ పెద్ద పరీక్షలకి అందరిలాగే చదవాలి. దీనికోసం తరగతి మొత్తాన్ని శీర్షాసనం వేయించలేను కదా."

ఇంటికి రాగానే మిషనమ్మ తడిగుడ్డ తెచ్చి, సుద్దగీతని గోడ నుంచి మంచం దాకా తుడిచేసింది. ఎన్నిసార్లు గీసిందో, నేల మీద తెల్లటి చార మిగిలిపోయింది. "రావే గుండీ, నా పక్కకి రా," అంది.

గుండీ కదల్లేదు. తడినేల మీద చార వంక చూసింది. "కాళ్లు విరగ్గొడతానన్నావుగా."

"అది అప్పుడు. ఇప్పుడేం అననులే. రా."

రాలేదు. రెండోసారి పిలిచినా రాలేదు. మిషనమ్మకి మళ్లీ కోపం రాబోయింది. నోటి దాకా వచ్చిన మాటని పళ్ల మధ్య నొక్కిపట్టి, స్టూలు ఎత్తుకుని, మిషను చుట్టూ తిరిగి తనే అవతలికి వెళ్లింది. పిల్ల పక్కన కూర్చుంది. ఈసారి ఇద్దరికీ నిటారుగా కనబడేలా సుద్దతో పడవ అని రాసింది. అటునుంచి రాయడం అలవాటు లేక అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. తన రాత తనకే నచ్చలేదు.

"ఇప్పుడు చూడు. తలకట్టు ఎక్కడుంది?"

గుండీ చాలాసేపు చూసింది. "పైన," అంది అనుమానంగా.

"అదీ! మరి ఈ అక్షరమేంటి?"

"...తెలీదు."

"ఇప్పుడే కదే—" అని మొదలుపెట్టి, నాలిక కరుచుకుంది మిషనమ్మ. కళ్లు మూసుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. పది చాలలేదు. ఇరవై దాకా పోయింది. "సరే. ఇంకోసారి," అంది.

పెద్ద పరీక్షల దాకా ఆ ఇంట్లో ఎన్ని ఇరవైలు లెక్కపెట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు. నిటారు అక్షరం గుండీకి సొంతమయ్యేసరికి ఎండాకాలం వచ్చేసింది. పరీక్ష రోజున కూడా మొదటి లైనుకి తల కాస్త పక్కకి వాల్చిందట. తర్వాత తనే సర్దుకుందట.

ఇంతే కథ. దీన్ని గుర్తుంచుకోండి. ఏ ఇంట్లోనైనా ఎవరైనా పిల్లని కూర్చోబెట్టుకుని "ఇందాక చెప్పావుగదే" అని అరుస్తుంటే, వెళ్లి ఈ కథ చెప్పండి. ఏప్రన్ల సంగతి మర్చిపోయినా ఫరవాలేదు, బస్సు హాస్యం వదిలేసినా ఫరవాలేదు. ఆ చెంపదెబ్బని మాత్రం దాచకండి. చెంప మీద చేయి పెట్టుకుని ఆ పిల్ల గొణిగిన మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. తలకట్టు నిజంగానే కాళ్ల దగ్గరుంది.